కొయ్యగిన్నె – మన సీమలో తరిమెన పని చరిత్ర

గిన్నె యనగానే నేడు మన కన్నులకు గట్టునది స్టీలు గిన్నె. దానికి ముందు సత్తు గిన్నె, అంతకు ముందు ఇత్తడి గిన్నె. సరవకోట చేరువనున్న బుడితి గ్రామము ఇత్తడి, కంచు పాత్రల పనికి పేరుపొందినది గనుక, మన శ్రీకాకుళపు సీమలో పాత్రల చరిత్ర వ్రాయబూనినవారు అక్కడనే ఆరంభించి అక్కడనే ముగింతురు. మర్యాదకొఱకు కుమ్మరి కుండను గూర్చి నాలుగు మాటలు చేర్తురు. కొయ్యను మాత్రము మఱతురు.

మఱచుటకు కారణము లేకపోలేదు. ఇత్తడి పాతిపెట్టినను మిగులును. మట్టిపెంకు వేయి సంవత్సరములైనను నేలలో చెడక యుండును. కొయ్య అట్లు కాదు. చెదపురుగునకో పొయ్యికో ఆహారమై ఆనవాలు లేకుండ పోవును. కావున కొయ్యపాత్రల విషయమున త్రవ్వకములకంటె భాషయే మేలైన సాక్షి. మరిగె యను మాట మన నిఘంటువులలో కలదు. కొయ్యను తొలిచి చేసిన పాత్రకు అది పేరు. కొయ్యను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా చెక్కు సాధనమునకు తరిమెన యని పేరు. పట్టణములలో లేతు అని పిలుచు యంత్రము ఈ తరిమెన వంశములోనిదే. కుంకుమ భరిణె, పిల్లల లక్కపిడతలు, మంచపు కోళ్లు, ఊయల బుడిపెలు – ఇవి యన్నియు తరిమెనపై పుట్టినవి. భాషలో మాట నిలిచి యున్నదనిన, ఒకప్పుడు ఇంటిలో ఆ వస్తువు ఉండెననియే యర్థము.

ఇంకను వెనుకకు పోవుదము. యజ్ఞశాలలో వాడు స్రుక్స్రువములు కొయ్యవే. ఏ పాత్రకు ఏ చెట్టు కావలయునో శాస్త్రకారులు నిర్ణయించిరి. జుహువునకు మోదుగ, స్రువమునకు చండ్ర. చండ్ర మిక్కిలి గట్టి చేవ గల చెట్టు, మోదుగ మెత్తనిది. కొయ్యల గుణభేదము ఆనాటికే తెలిసి యుండెనని దీనిచే స్పష్టమగుచున్నది.

వంశధార దక్షిణపు గట్టున శాలిహుండము కలదు. ఆ బౌద్ధ క్షేత్రమును 1919లో లోకమునకు చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. (వాడుకభాషకొఱకు జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని పేరు ఇట్టి గ్రాంథికపు వ్యాసమున తలచుట ఆయనకు రుచించునో లేదో!) అచ్చట అక్షరములు చెక్కిన మట్టిపాత్రల పెంకులు దొరకినవి. బౌద్ధ భిక్షువునకు మట్టిపాత్రయు ఇనుపపాత్రయు తప్ప కొయ్యపాత్ర కూడదు. ఆ నిషేధమునకు వినయపిటకములో ఒక కథ కలదు. రాజగృహమున ఒక శ్రేష్ఠి మంచి గంధపు చెక్కతో భిక్షాపాత్ర చేయించి, వెదురు గడల చివర ఎత్తుగా కట్టించి, మహిమగలవాడు దీనిని దింపుకొనవచ్చునని చాటించెనట. పిండోల భారద్వాజుడను భిక్షువు ఆకాశమున కెగిరి దానిని తెచ్చెను. జనులు జేజేలు పలికిరి. బుద్ధుడు మాత్రము మెచ్చలేదు. ఒక కొయ్యగిన్నెకొఱకు గారడి చూపుదువా యని మందలించి, ఆ పాత్రను పగులగొట్టించి, చూర్ణము చేయించి కంటి మందులోనికి ఇప్పించెను. ఆ నాటినుండి కొయ్యపాత్ర వలదని శాసించెను. మన విజయనగరము జిల్లాలోని రామతీర్థపు కొండలపై బౌద్ధుల జాడలును జైనుల జాడలును ప్రక్కప్రక్కనే కలవు. జైనులలో శ్వేతాంబర సాధువులు నేటికిని రంగు పూసిన కొయ్యపాత్రలలోనే భిక్ష గ్రహింతురు. ఒకరు వలదన్న గిన్నెను మఱియొకరు చేతపట్టిరి. కొయ్యగిన్నె బీదవాని వస్తువు మాత్రమే కాదనుటకు ఈ కథ చాలును.

ఇక అసలు చిక్కు. కొయ్య పగులును.

మన గ్రంథాలయపు బీరువాల తలుపులు శ్రావణ మాసమున బిగిసికొని రాకుండుటయు, వేసవిలో వదులై గాలికి కొట్టుకొనుటయు చందాదారులందఱు ఎఱిగినదే. చచ్చిన చెట్టు గూడ నీటిని పీల్చుచు విడుచుచు నుండును. పచ్చి కొయ్యలో నీరు మెండు. ఆ నీటిలో కొంత నాళములలో ఊరక నిలిచి యుండును. అది పోయినంతమాత్రమున కొయ్య కుదింపు నొందదు. తేమ నూటికి 30 పాళ్ల క్రిందికి దిగినది మొదలు, నారల గోడలలోని నీరు పోనారంభించును. అప్పుడు కొయ్య ముడుచుకొనును. ముడుచుకొనుటలో ఒక పక్షపాతము కలదు. మ్రాను అడ్డముగా కోసినచో వలయములు కనబడును గదా. ఆ వలయముల వెంబడి కలుగు ముడుత, నడిమినుండి బెరడువైపునకు కలుగు ముడుతకు ఇంచుమించు రెట్టింపు. గుండ్రని దుంగ నిండుగా ఎండునపుడు ఆ రెంటికిని పొత్తు కుదరక, బెరడునుండి నడిమిదాక ఒక చీలిక పడును. దుంగ కొనలనుండి నీరు త్వరగా పోవును గనుక కొనలు ముందు పగులును. పనసయైనను చింతయైనను ఈ న్యాయము తప్పదు. గట్టి చేవ గల కొయ్యకు ఇది మఱింత కఠినము; నీరు లోపలనుండి వెలికి వచ్చుటకు చాల కాలము పట్టును, పైపొర ఎండి బిగిసిపోవును, లోపల తడి నిలుచును.

పల్లె వడ్రంగి ఈ శాస్త్రము పుస్తకమున చదువలేదు గాని దాని ఫలితమును ఎఱుగును. దుంగ కొనలకు పేడయో మట్టియో మెత్తుట, చెఱువులో నానవేయుట, ఎండ తగులని చోట గాలి ఆడునట్లు పేర్చుట, నడిమి దూటను చీల్చివేసి పలకలు తీయుట – ఇవి యన్నియు పగులును జయించు ఉపాయములే. అతడు కొయ్యను అతుకుబెట్టు పనివాడు. పగిలిన ముక్కను తీసివేసి మంచి ముక్కను దూర్చగలడు. గిన్నె చేయువానికి ఆ వీలు లేదు. గిన్నె ఒంటి ముక్క. అందులో ఒక బీట యున్నచో గిన్నె గిన్నె కాదు.

ఈ బీటను మన సీమలోని పనివారు ఎట్లు ఎదుర్కొనిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో తరిమెన పని చరిత్ర దానంతట అదే తేలును.

పార్వతీపురము, పాలకొండ కొండలలో గుగ్గిలపు చెట్టు పెరుగును. తూర్పు తీరమున ఈ చెట్టునకు దక్షిణపు టెల్ల ఇంచుమించు మన సీమయే. దూలమునకు, ద్వారబంధమునకు దానిని మించినది లేదు. కాని ఎండునపుడు విశేషముగా పగులును. పల్లపు గ్రామములలో చింత. దాని పై చెక్క పసుపు వన్నె. ముసలి మ్రానులో నడిమి చేవ నల్లని ఊదా వన్నె. నారలు ఒకదానికొకటి పెనవైచుకొని యుండుటచే గొడ్డలిని సైతము త్రిప్పికొట్టును. దానిని గానుగలకు, కొయ్య సుత్తులకు, బండిచక్రపు నాభులకు వాడిరి. చక్రపు నాభికి ఇనుప కట్టు బిగింతురు గనుక, చిన్న బీట యున్నను కట్టు పట్టి యుంచును. అనగా గట్టి కొయ్యను వాడినవారు పగులును ఇనుముతో కట్టివైచిరి. తరిమెన పట్టినవారు గట్టి కొయ్య జోలికి పోక మెత్తని కొయ్యను ఎంచుకొనిరి. బీటతో ముఖాముఖి పోరాడినవారు ఒక్క బొబ్బిలి వీణ పనివారు.

బొబ్బిలి యనగానే 1757 జనవరి 24నాటి యుద్ధము జ్ఞప్తికి వచ్చును. ఆ కోట కూలినది గాని, ఆ సంస్థానపు ప్రాపున వర్ధిల్లిన వీణ నిలిచినది. బొబ్బిలిని ఆనుకొనియున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. అందులో ఏకాండి వీణ విశేషము. కుండ, దండి, మొగము మూడును ఒక్క పనస దుంగనుండి తీయుదురు. సంగీతమును ప్రక్కకు పెట్టి వడ్రంగి కంటితో చూచినచో, వీణ కుండ ఒక పెద్ద కొయ్యగిన్నె. దానికి పొడుగాటి పిడి యున్నది గనుక తరిమెనపై త్రిప్పుటకు వీలులేదు. బాడితతో రూపు తీసి, ఉలితో లోపల తొలువవలయును. గోడ మందమైనచో నాదము మూగవోవును, పలుచనైనచో పగులును. పనసను ఎంచుకొనుటలోనే సగము తెలివి యున్నది. అది చింతవలె మొండిది కాదు, అంకుడువలె మెత్తనిది కాదు. ఎండునపుడు తక్కువగా ముడుచుకొనును. మ్రోత చక్కగా పలుకును. దుంగను తొలిచిన కొలది లోపలి తడి వెలికి వచ్చుటకు దారి కలుగును గనుక, నిండు దుంగకంటె తొలిచిన దుంగ తక్కువ పగులును. ఈ సూక్ష్మమును చదువరులు గుర్తుంచుకొనవలెను, మున్ముందు పనికివచ్చును. విజయనగరమున 1919లో మహారాజు సంగీత కళాశాల వెలసిన పిదప ఈ సీమలో వీణ నేర్చువారు పెరిగిరి. బొబ్బిలి వీణకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తరిమెన పనికి మాత్రము మనము జిల్లా టెల్ల దాటి ఏటికొప్పాక పోవలయును. నేడది అనకాపల్లి జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విభజించిన దాక విశాఖపట్టణము జిల్లా. కాని మన శ్రీకాకుళము 1950 దాక, విజయనగరము సీమలో కొంత భాగము 1979 దాక, ఆ విశాఖపట్టణపు జిల్లాలోనివే గనుక, ఏటికొప్పాకను పొరుగూరనుట తగదు. వరాహ నది గట్టున గల యీ గ్రామము 1933లోనే సహకార పద్ధతిని చక్కెర మిల్లు నెలకొల్పుకొనిన ఊరు. చెఱకు రైతులు ఒక వంక, తరిమెన పనివారు ఒక వంక.

ఏటికొప్పాక కొయ్య అంకుడు. దీనినే పాలకొడిశ యందురు. తెల్లనిది, సన్నని నార గలది, ముళ్లు తక్కువ, ఎండునపుడు పెద్దగా వంకర పోదు. కొమ్మల వంటి సన్నని దుంగలనే కోసి, కొన్ని వారములు ఆరబెట్టి వాడుదురు. సన్నని దుంగలో లోపలి తడి త్వరగా వెలికి వచ్చును. పాత తరిమెన చూచినవారు ఇప్పుడు తక్కువ. ఇరువురు మనుష్యులు కావలయును. ఒకరు త్రాడును ఈ చివర ఆ చివర పట్టి లాగుచుండగా కొయ్య ముందునకు వెనుకకు తిరుగును. మఱియొకరు ఉలి పట్టి, కొయ్య తనవైపు తిరిగినప్పుడు మాత్రమే చెక్కి, వెనుకకు తిరిగినప్పుడు ఉలిని లేశము ఎడము చేయును. ఇది రెండు చేతుల పని కాదు, నాలుగు చేతుల తాళము. త్రాడు లాగువానికి ఆయాసము వచ్చినచో పిడత వంకరపోవును. విద్యుత్తు మోటారు వచ్చిన పిదప త్రాడు లాగువాని పని పోయినది, వేగము హెచ్చినది.

రూపు తీరిన పిమ్మట లక్క. భారతములోని లక్కయింటి కథ ఎఱుగని తెలుగువాడు లేడు. కాని లక్క ఒక పురుగు విడుచు జిగురని చాలమందికి తెలియదు. మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మలపై ఆ పురుగులు పొరగా కట్టు జిగురును ఒలిచి కరగింతురు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న కొయ్యకు అదిమినచో రాపిడి వేడిమికే లక్క మెత్తనై కొయ్యకు అంటుకొనును; 75, 80 డిగ్రీల వేడిమి చాలును, నిప్పు అక్కఱ లేదు. పైన మొగలియాకుతో నొక్కి రుద్దినచో అద్దమువలె మెఱయును. పసుపునుండి పచ్చని వన్నె, జాఫరా గింజలనుండి కాషాయపు టెఱుపు, నీలిచెట్టునుండి నీలము.

నడుమ కొంత కాలము ఈ చెట్టు రంగులు వెనుకబడి అంగడి రంగులు ముందుకు వచ్చెను. పిల్లలు నోట పెట్టుకొను లక్కపిడతలకు మందు రంగులు పూయుట ఎంత తగని పనియో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ గ్రామమునకే చెందిన చింతలపాటి వేంకటపతిరాజుగారు చెట్టు రంగులను మరల ప్రయోగించి, పనివారికి నేర్పి, ఈ పనిని నిలబెట్టిరి; 2023లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవమున మన రాష్ట్ర శకటముపై ఊరేగినవి ఈ బొమ్మలే.

ఇదంతయు సంతోషింపదగినదే. అయినను ఒక మాట చెప్పక తప్పదు. శకటముపై ఊరేగినది బొమ్మ, గిన్నె కాదు. లక్కపిడత యనునది వంటింటి గిన్నెకు పిల్లల ప్రతిరూపము. పెద్ద గిన్నె ఇంటినుండి వెడలిపోయినది, దాని బొమ్మ మాత్రము ఆటవస్తువుగా మిగిలినది! పైగా పనియంతయు ఒక్క చెట్టుపై ఆధారపడినది. ఏటికొప్పాక పనివారు అంకుడు దొరకుట కష్టమగుచున్నదని చెప్పుచునే యున్నారు. ఒక్క జాతి కొయ్యతోనే బ్రదుకు పని, ఆ చెట్టుతోడనే కుంగును. నెల్లూరి సీమలోని ఉదయగిరి పనివారు అడవి గట్టికొయ్యలతో గరిటెలు, చెంచాలు, పళ్లెములు చేయుచున్నారు. కనుక గట్టికొయ్య తెలుగువాని చేతికి లొంగదనుట సరికాదు.

గట్టికొయ్య మన సీమకు కొఱత లేదు. దురదృష్టవశమున ఒక్కొక్కప్పుడు అది ఒక్క రాత్రిలో కుప్పలుగా వచ్చి పడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతోపాటు విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను గూడ కుదిపివేసినది. 2018 అక్టోబరు 11 తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి ఉద్దానమును ఊడ్చివేసినది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలకొరిగినవి. తాతలు నాటిన పనసలు వ్రేళ్లతో పెల్లగిలి పడియుండుట చూచినవారికి అది మఱపునకు వచ్చునది కాదు. కూలిన చెట్టును మన పల్లెలలో ముందుగా పలుకరించునది పొయ్యి. దూలమునకు పనికివచ్చు తిన్నని మ్రాను కొనువాడు వచ్చును. వంకర కొమ్మను, మొదలు దుంగను, ముడులు గల ముక్కను ఎవ్వరును అడుగరు. అవి దొడ్డిలో ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, నెఱ్ఱెలు విచ్చి, చివరకు వంటచెఱకగును.

అట్టి ఎండిన, పగిలిన దుంగనుండి గిన్నె తీయవచ్చునా? తీయవచ్చును. అది పచ్చి కొయ్య పనికంటె కష్టము. ఇంగ్లాండు దేశమున బర్క్‌షైరు సీమలో జార్జి లైలీ యను పనివాడుండెను. 1869లో పుట్టి 1958లో చనిపోయినాడు. కాలితో త్రొక్కు తరిమెనపై ఒక్క దుంగనుండి ఒకదానిలో నొకటి ఇముడు గిన్నెలు వరుసగా తీసెడివాడు. అతనికి శిష్యులు లేకపోవుటచే, అతనితో ఆ విద్య ముగిసినదనుకొనిరి. పనిముట్లను రీడింగు నగరపు ప్రదర్శనశాలలో భద్రపఱచిరి గనుక, కొన్ని దశాబ్దముల పిదప వానిని చూచి మరల నేర్చుకొనినవారు బయలుదేరిరి. లైలీ పచ్చి కొయ్యనే తొలిచెడివాడు. జపానులో లక్క గిన్నెలు చేయువారు కొయ్యను ముందు మందముగా తొలిచి, నెలల తరబడి ఆరనిచ్చి, పొగ పట్టించి, పిదప మరల తరిమెన పట్టుదురు. తొలిచిన కొయ్య తక్కువ పగులునని వీణ విషయమున చెప్పుకొనిన సూత్రమే యిది. గిన్నె అడ్డుకొలత పది అంగుళములైనచో తొలిసారి గోడ అంగుళము మందముంచి, ఆరిన పిమ్మట వంకరలు తీర్చి పలుచన చేయుట అన్ని దేశముల పనివారును అనుసరించు లెక్క.

ఇప్పటికే పగిలిన దుంగకు ఆ మార్గము మూసికొనిపోయినది. అచ్చట పని కంటితో ఆరంభము కావలయును. కొనల పగులు పైపై చూపునకు ఉన్నంత లోతుగా ఉండదు. కొనలను కొద్దికొద్దిగా కోసికొనుచు పోయినచో పెక్కు దుంగలలో మంచి కొయ్య బయటపడును. దూటనుండి వెలువడిన పెద్ద చీలిక యున్నచో దానిని దాచుకొనుటకు ప్రయత్నింపక, ఆ చీలిక వెంబడియే దుంగను రెండు చెక్కలుగా చీల్చుట మేలు. అప్పుడు దూట తొలగిపోవును, ఒక్కొక్క చెక్కనుండి ఒక్కొక్క గిన్నె వచ్చును. సుత్తితో తట్టి వినవలయును. మంచి కొయ్య కంచువలె పలుకును, లోపల బీట గలది బొంగురుగా పలుకును. పనస పరీక్షించు వీణ పనివాని చెవి ఇచ్చట గిన్నె పనివానికి అరువు కావలయును.

తరిమెనపై ఎక్కించిన పిదప తొందర కూడదు. మోటారు వేగమునకు బీట గల ముక్క విడిపోయి ఎగిరినచో మనిషి బ్రదుకుట కష్టము. కావున అట్టి కొయ్యను నెమ్మదిగా త్రిప్పవలెను, ఎదుట నిలువక ప్రక్కకు నిలువవలెను, అవసరమైనచో తీగెతో చుట్టి కట్టవలెను. ఎండిన చింత చేవ ఉలి మొనను క్షణములో మొద్దు చేయును. ఉలికంటె సానరాయికే అక్కడ పని ఎక్కువ.

ఇక మిగిలిన సన్నని బీటల సంగతి. దీనికి మన విశాఖపట్టణపు సీమయే ఒక ఉపాయము చూపినది. పదునెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు జిట్టేగి, టేకు కొయ్యలపై ఏనుగు దంతపు రేకులు పొదిగి, దంతముపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపి, ఇంగ్లీషు దొరలకు పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసి యిచ్చిరి. ఆ వస్తువులు నేడు విదేశపు ప్రదర్శనశాలలలో కలవు. ఏనుగు దంతము వాడుక నేడు చట్టవిరుద్ధము, పోవలసినదే పోయినది. కాని గీతలో లక్క నింపు విద్యకు ఏనుగుతో పని లేదు. కొయ్యపొడి కలిపిన లక్కను వేడి చేసి బీటలోనికి కూరి, చల్లారిన పిదప తరిమెనపై చదును చేసినచో, తెల్లని చెక్కపై నల్లని గీత చిత్రకారుడు దిద్దినట్లే నిలుచును. లోపమును కప్పిపుచ్చుట కాదది. బీట ఎక్కడ పడినదో గిన్నెయే చెప్పును. లక్క ఏటికొప్పాకది, గీత విశాఖపట్టణముది, కొయ్య ఉద్దానముది. మూడును ఒక్కనాటి ఒక్క జిల్లాలోనివే యైనను, మూడు చోట్ల మూడు పనులుగా నిలిచిపోయినవి గాని ఒక్క గిన్నెలో కలియలేదని నా కనిపించును.

కలుపుటకు అడ్డు కొయ్య కాదు, పనివాడు. గానుగలు మరలతో నడచుచున్నవి, బండిచక్రములకు రబ్బరు వచ్చినది; చింత చేవను ఎఱిగిన వడ్రంగి చేతికి ఇప్పుడు ఆ కొయ్య తగులుట లేదు. అతని కుమారుడు పట్టణమున ప్లైవుడ్డు పలకలు కోయుచున్నాడు. ప్లైవుడ్డునకు చేవ లేదు, దూట లేదు, తట్టి వినుటకు ధ్వని లేదు. ఆ చెవి ఇంకొక తరము పని లేకుండ నున్నచో, లైలీ పనిముట్లవలె ప్రదర్శనశాలలో పెట్టుటకు గూడ వీలుపడదు. ఉలిని అద్దాల బీరువాలో ఉంచవచ్చును గాని చెవిని ఉంచలేము.

ఈ సంచిక చదివి ఎవరైన తమ దొడ్డిలోని పనస మొదలునో చింత కొమ్మనో వడ్రంగికి చూపగోరినచో వారికి ఆచరణకు కావలసిన రెండు మాటలు చెప్పి విరమింతును. కొత్తగా కూలిన చెట్టైనచో ఆ వారములోనే దుంగ కొనలకు లక్కయో మైనమో మందముగా పూసి, నడిమికి చీల్చి, నీడలో పెట్టవలయును. నిండు దుంగగా ఎండకు వదలరాదు. పాత దుంగయైనచో తొందర లేదు, పగులవలసినదంతయు ఇప్పటికే పగిలి యుండును. ముష్టి చెట్టు విత్తులోను బెరడులోను విషము కలది గనుక దాని కొయ్యతో తినుబండారముల గిన్నె చేయరాదు. లక్క పూత గిన్నె వెలుపలికి మాత్రమే. లోపల అవిసెనూనె పట్టించి పూర్తిగా ఆరనీయవలెను, వేడి పులుసు పోసినచో లక్క మెత్తబడును. అటుకులు, బెల్లము, జీడిపప్పు, పండ్లు పెట్టుకొనవచ్చును. నీటిలో నానవేసి తోమరాదు; తడిగుడ్డతో తుడిచి నీడలో బోర్లించి, ఏడాదికి ఒకటి రెండు మార్లు మరల నూనె రాచిన చాలును.